బాలనర్సింహ సార్ ఇక లేరు

"బాలనర్సింహ సార్ ఇక లేరు."

ఏజెంట్ ధర్మేందర్ ఆ వాక్యం టైపు చేసి ఎంటర్ కొట్టాడు. పక్క కుర్చీలో చాయ్ తాగుతున్న బాలనర్సింహ సార్ వంగి చదివాడు.

"ఎట్ల సచ్చిన్నో రాయవా?"

"గుండెపోటు అని కింద రాసిన సార్."

"మంచిది. అందరు నమ్ముతరు."

కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరాలను నిలబెట్టిన తొలితరం మనిషి ఆయన. హైదరాబాద్‌కు కరెంటు పంచే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కూడా ఆయన రాసిందే. రిటైరయ్యాక ఇబ్రహీంపట్నం వచ్చేశాడు. ధర్మేందర్ ప్లాట్ల బ్రోకర్ వేషంలో కొన్నాళ్లుగా అదే వీధిలో మకాం వేశాడు. సిటీ ఇటువైపు పరుగెత్తుకొస్తున్న ఆ రోజుల్లో అంతకన్నా మంచి మారువేషం లేదు.

ఉదయం శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది.

"మిషన్ పేరు మౌనం. బ్లాక్ ఆర్కిడ్ అనే విదేశీ ముఠా సార్ సాఫ్ట్‌వేర్‌లో వైరస్ పెట్టింది. ఇవాళ పొద్దుగూకగానే సిటీ మొత్తం బ్లాకౌట్. ఆస్పత్రులతో సహా. ఆపే కోడ్ యమునకు మాత్రమే తెలుసు."

"ఎవరామె?"

"సార్ శిష్యురాలు. మన ఏజెంటే. ఆ ముఠాలోకి మనమే పంపాం. అక్కడే ఉండిపోయింది. ఎక్కడుందో తెలియదు. ఏ ఎరకీ చిక్కదు, ఆయన చస్తే తప్ప."

ధర్మేందర్ ఆ వార్త పెట్టిన తెలుగు కంప్యూటర్ ఫోరం చూస్తుండగానే సంతాపాలతో నిండిపోయింది. దుబాయ్ నుంచి ఒకతను రాశాడు: "మా అమ్మకు ఇంగ్లీషు రాదు. తను సొంతంగా చదువుకున్న నా మొదటి ఈమెయిల్ సార్ అక్షరాల్లోదే." ఎవరో ఏడుపు బొమ్మలు వరసగా పెట్టారు. ఇంకెవరో ఆ ఫాంటు ఫ్రీగా ఎక్కడ దొరుకుతుందని అడిగి తిట్లు తిన్నారు. "మహానుభావుడే, కానీ క్ష కింద వత్తు ఇప్పటికీ విరుగుతుంది" అని మరొకరు.

"నిజమే. గది సరిచేద్దామనుకుంటనే ఉండిపోయిన." సార్ నవ్వబోయి ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంతమంది ఉన్నరని నాకెరుకలే, ధర్మేందర్. వీళ్లందర్ని ఏడిపిస్తున్నం."

"యమున వస్తదా సార్?"

"వస్తది." ఆ మాట ఆయన సంతోషంగా అనలేదు.

మధ్యాహ్నానికి సార్ ముందు గదిలో శవంలా పడుకున్నాడు. ముఖానికి పాలిపోయిన మేకప్, ముక్కుల్లో దూది. దూదిలో గాలి ఆడేందుకు చీఫ్ ల్యాబ్ నుంచి పంపించిన సన్నని గొట్టాలు. పక్కింటి నాగులమ్మ వచ్చి నిజంగానే ఏడ్చి వెళ్లింది.

ఎండ వాలుతుండగా గుమ్మం ముందు నల్ల కారు ఆగింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చెవులకు వజ్రాలు. యమున! హైహీల్స్ బయటే వదిలేసి లోపలికి వచ్చి, సార్ కాళ్ల దగ్గర కూలబడింది. తలుపు వెనుక ధర్మేందర్ పిస్టల్ బిగించి పట్టుకున్నాడు.

"ఫోరంల చూసిన సార్. అందరు రాసిన్రు. నేను ఏ పేరుతోని రాయాలె?"

"యమునా," అంది శవం.

ఆమె ఉలిక్కిపడి లేచింది. దూది లాగేసి ఆయన ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చిన్నపిల్లలా నవ్వేసింది.

"బతికే ఉన్నరా! సార్, బతికే ఉన్నరు!"

అప్పుడు ధర్మేందర్ కనిపించాడు. అతని చేతిలో పిస్టల్ కనిపించింది. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నన్ను పట్టుకోనీకేనా సచ్చిన్రు?"

సార్ తలదించుకున్నాడు. "అవ్ బిడ్డా."

"కోడ్ అడిగితే చెప్పకపోదునా సార్?"

"ఎక్కడున్నవని అడగాలె?"

యమున ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కంట్రోల్ రూమ్‌కి లైన్ కలిపింది. తెర మీద కౌంట్‌డౌన్ పరుగెడుతోంది. ఆమె వేళ్లు దానితో పందెం వేశాయి.

కిటికీ అద్దం భళ్లున పగిలింది. కాల్చింది ఆమె కారు డ్రైవరే, ముఠా కాపలా పెట్టిన మనిషి. ధర్మేందర్ పిస్టల్ పేలింది. డ్రైవర్ కారు మీదికి ఒరిగిపోయాడు.

యమున చీర నెత్తుటితో తడిసిపోతోంది. ఒక చేత్తో బల్లను పట్టుకుని, రెండో చేత్తో చివరి అక్షరం కొట్టింది. కౌంట్‌డౌన్ ఆఖరి అంకె మీద ఆగింది. వీధి దీపాలు వెలిగాయి.

సార్ ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు.

"కరెంటు ఉన్నదా సార్?"

"ఉన్నది బిడ్డా. మస్తుగున్నది."

ఆ మాట ఆమె వినలేదు.

ఫోన్‌లో చీఫ్ గొంతు మామూలుగానే ఉంది. "సిటీ వెలుగుతోంది. గుడ్ వర్క్. ముఠా మొత్తం దొరికేదాకా బాలనర్సింహ చనిపోయినట్టే. యమున అనే మనిషి ఎప్పుడూ లేదు."

అబ్దుల్లాపూర్‌మెట్‌లోని రహస్య ఇంట్లో సార్ రోజూ ఫోరం చదివేవాడు. సంతాపాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒక సాయంత్రం ధర్మేందర్ చూస్తుండగానే, కొత్త పేరుతో చేరి ఒక్క ముక్క రాశాడు.

"యమున పోయింది. మన ఇండ్లల్ల దీపాలు ఆ పిల్ల నిలబెట్టినవే."

ధర్మేందర్ ఆపలేదు. కాసేపటికే మోడరేటర్ జవాబు వచ్చింది.

"కొత్త సభ్యులకు మనవి. ఇది బాలనర్సింహ సార్ సంతాపానికి మాత్రమే. ఆయన మీద ఏమాత్రం గౌరవం ఉన్నా సంబంధం లేని పోస్టులు పెట్టకండి. తొలగిస్తున్నాను."

సార్ రాసిన ముక్క తెర మీది నుంచి మాయమైంది.

"కరెక్టే రాసిండు," అన్నాడు సార్. "సచ్చినోళ్లకు జర గౌరవం ఇయ్యాలె."