పేజీ అడుగున పోచవ్వ

పోచవ్వ ముచ్చట మొదలుపెడితే సాంచా మరమగ్గం మీద ఉరికే నాడె కూడా మధ్యలో ఆగి చెవి పెడుతుందని సిరిసిల్లలో ఆ వాడకట్టు వాళ్ళు అంటారు. ఆమె చెప్పేదాంట్లో సగం అబద్ధమే కావచ్చు. కానీ ఆ సగం ఎవరి అబద్ధమో ఆమెకు కచ్చితంగా తెలుసు.

ఆ శనివారం పొద్దున గోడ అవతల సాంచాలు టకటకమంటున్నాయి. పోచవ్వ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ కోడలు రాధికకు మేక కథ చెబుతోంది.

"బుగ్గారంల ఒక మేక పట్టుచీర కొంగు తిన్నదట. తెల్లారి పిండితె పాలల్ల జరీ మెరిసిందట. గిది నేను సూడలే. గంగమ్మ చెప్పింది. గామె గూడ సూడలే, గామె మరిది సూసిండట. గా మరిది తాగుతడు. గది గూడ ముందే చెప్తున్న."

"మేక కన్నా మరిది ముచ్చటే పొడుగున్నది అత్తమ్మా," అంది రాధిక.

"ఉండాలె మరి. ఎవలి ముచ్చట ఆళ్ల పేరు మీదనే పోవాలె. నేనెందుకు నెత్తినేసుకుంట?"

డెబ్బై రెండేళ్ళుగా ఆమెది అదే పద్ధతి. దయ్యం కథైనా, పెళ్ళి కబురైనా ఎవరు చెప్పారో చెప్పాకే లోపలికి పోతుంది. చిన్నప్పుడు మనవరాలు రచన "పేర్లద్దు, కథ చెప్పు బాపమ్మా" అని మారాం చేసేది. ఇప్పుడు ఆ రచనే పేర్ల గోలలో పీకల్లోతు మునిగి ఉంది.

రచనకు ఇరవై తొమ్మిదేళ్ళు. కోరుట్లలో ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, ఆరేళ్ళుగా చేనేత ఇళ్ళలోని ఆడవాళ్ళ పని గురించి తెలుగులో పీహెచ్‌డీ రాస్తోంది. గడువు రెండుసార్లు పెంచారు. సోమవారం సాయంత్రం నాలుగు దాటితే ఆరేళ్ళ చాకిరీ మానేరు వాగులో కలిసినట్టే. అంతా అయిపోయిందనుకుంటుండగా చివరి సెమినార్‌లో పెద్దలు ఒక మాటన్నారు. వాక్యం వాక్యానికీ బ్రాకెట్లో ఒక పేరుంటే రాళ్ళన్నం తిన్నట్టుంది, ఆ పేర్లన్నీ పేజీ అడుగుకు పంపమన్నారు.

"బాపమ్మా, తమాషా సూడు," అంటూ రచన ల్యాప్‌టాప్ తిప్పింది. "గీ బటన్ ఒత్తుత. నడుమలున్న పేర్లన్ని కిందికి పోతయి. పైన నంబరొక్కటే ఉంటది."

బటన్ నొక్కింది. అదిలిస్తే లేచిన పిట్టల్లా బ్రాకెట్లన్నీ ఒక్కసారిగా మాయమై, పేజీ అడుగున బారులు తీరి కూర్చున్నాయి. పోచవ్వకు చదువు రాదు. పింఛను కోసం నేర్చుకున్న తన సంతకం మూడక్షరాలు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. కళ్ళద్దాలు సర్దుకుని తెరకు ముక్కు ఆనించింది.

"అందరు దిగిండ్రు గని నేను నడుమనే నిలవడ్డ గదనే."

రచన కిందికి జరుపుతూ పోయింది. ఏ పేజీలో చూసినా పండితులంతా అడుగున, బ్రాకెట్లో పోచవ్వ మాత్రం పైన. లెక్కబెడితే ముప్పై ఎనిమిది చోట్ల.

"పుస్తకాలన్నీ కంప్యూటర్ల ముందే ఎక్కించిన బాపమ్మా. నువ్వు పుస్తకం కాదాయె. నీ పేరు నేనే చేత్తోని కొట్టిన. మిషనుకు నువ్వెవలో తెల్వది."

"తెల్వకుంటె నువ్వు చెప్పు. బంతిల అందరు కింద కూసుంటె నేనొక్కదాన్ని నిలవడి తింటనా? నన్ను గూడ దించు."

రచన నవ్వుతూ జగిత్యాలలో ఉన్న గైడు ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది. ఒక్కో పోచవ్వకూ ఫుట్‌నోట్‌లో ఏమేం రాయాలో అడుగుదామని. స్పీకర్లో ఆయన గొంతు తొందరగా ఉంది.

"అవన్నీ తీసెయ్యమ్మా. కింద పేరు పెడితే ఆధారం చూపాలి. పుస్తకం, ప్రచురణ, పేజీ. మీ నానమ్మకు అవేవీ ఉండవు. 'ఒక వృద్ధ మహిళ చెప్పినట్లు' అని పెట్టి వదిలెయ్. సోమవారం పొద్దున రా, సంతకం పెడతాను."

ఫోన్ ఆగింది. పోచవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఒక ముసల్ది అని రాస్తవా బిడ్డా? గీ సిరిసిల్లల ముసలోళ్లు కొదవనా? అందుల ఏ ముసల్దని అనుకోవాలె?"

అప్పుడే కొడుకు పరశురాములు సాంచాల షెడ్డు నుంచి లోపలికొచ్చాడు. పన్నెండు సాంచాలు నడిపించే ఆసామి. నెత్తి మీద దూది పింజలు, చేతిలో తెగిన పోగుల ఉండ. సంగతంతా విని ముఖం చిట్లించాడు.

"సార్ చెప్పింది మంచిగనే ఉన్నది. తీసెయ్ బిడ్డా."

"బాపూ, రెండేండ్లు బాపమ్మను అడిగడిగి రాసిన. గామె పేరు తీస్తె నేను దొంగతనం చేసినట్టే."

"గాలి ముచ్చట్లకు దొంగతనమేంది? పాలల్ల జరీ మెరిసిందనె మనిషి. పరీక్షల పెద్ద సార్లు ముప్పై ఎనిమిది సార్లు పోచవ్వెవరని అడిగితె, మా ఇంట్ల అబద్ధాల అంగడి అని చెప్తవా? నీ ఆరేండ్లు పోతయి. నౌకరి పోతది."

రాధిక చేతిలోని గరిటె ఆగింది. పోచవ్వ కాసేపు కొడుకు ముఖంలోకే చూసింది. కళ్ళలో నీళ్ళు రాలేదు. ఆమె నీళ్ళు పెట్టే రకం కాదు.

"అంగడే కొడుకా. గని నా అంగట్ల ఏ సరుకు ఎవలిదో చీటి కట్టి పెట్టిన. మీ సార్ల అంగట్ల ఉన్నదా చీటి? ఉంటె నా పేరెందుకు తీయుమంటరు?"

పరశురాములు చేతిలోని పోగుల ఉండను మూలకు విసిరి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. పోచవ్వ పీట లాక్కుని మనవరాలి పక్కన చతికిలబడింది.

"సదువు బిడ్డా. ఒక్కొక్కటి సదువు. ఏది నేను సూసింది, ఏది ఇన్నది, ఏది అల్లింది, అన్ని చెప్త. నాకు పేజీలు లేకుంటె లేకపాయె, నోరున్నది."

ఆదివారం సాయంత్రం దాకా అదే పని. రచన చదవడం, పోచవ్వ తీర్పు చెప్పడం. "గిది నా కండ్లతోని సూసిన. మా పెద్దాడు కడుపుల ఉన్న యేడు." "గిది కథలాపూర్ ఇంద్రమ్మ చెప్పింది, నూలు సాపు చేసుకుంట చెప్పింది." ఒకచోట మాత్రం ఆమె గట్టిగా తల ఊపింది.

"మగ్గం ఏడ్చిందని రాసినవా? గది కొట్టెయ్. నేనే అల్లిన."

"నాకు బాగ నచ్చింది బాపమ్మా."

"నచ్చింది గనుకనే అల్లిన. కొట్టెయ్."

అలా తన నోటితోనే ఆరు కొట్టేయించింది. మిగిలిన ముప్పై రెండింటికీ రచన ఫుట్‌నోట్లు రాసింది. చెప్పిన మనిషి, ఊరు, చెప్పిన తేదీ, చూసిందా విన్నదా, వింటే ఎవరి నోట. ఒక్క పోచవ్వ వెనకాల కథలాపూర్, చందుర్తి, బుగ్గారం నుంచి పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చి పేజీల అడుగున సర్దుకుని కూర్చున్నారు.

చివరికి వచ్చేసరికి రచన ఒక వాక్యం చదివింది. "కరువు ఏడాదిలో, పడుగుకు పట్టించే గంజిలోంచి నూనె కలపకముందే ఒక గ్లాసు పక్కకు తీసి పిల్లవాడికి తాగించేవాళ్ళం."

పోచవ్వ గోడ వైపు చూసింది. అవతల సాంచాలు ఆడుతున్నాయి.

"గది గూడ తీసెయ్."

"అల్లిందా?"

"కాదు. నిజమే."

"నిజమైతె తియ్య. నువ్వే గదా నేర్పింది."

"తాగిన పోరడు గిప్పుడు ఆసామి. ఆని ఆకలి పుస్తకంల పెడ్తె ఆని ఇజ్జత్ ఏం గావాలె?" అంది పోచవ్వ మెల్లగా. రచన ఆ వాక్యం తీయలేదు. పిల్లవాడెవరో రాయకుండా, "పోచవ్వ, సిరిసిల్ల, స్వయంగా చేసిన పని" అని మాత్రం అడుగున పెట్టింది.

సోమవారం తెల్లవారగానే బస్సెక్కారు. పరశురాములు కూడా వచ్చాడు. "మీరిద్దరే పోతె సార్‌తోని లొల్లి పెట్టుకుంటరు" అని ప్రింటు తీసిన కట్ట తానే ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపిస్తూ పోచవ్వ, "ఆడోళ్లం మాకు ఫ్రీ. కాపలా అచ్చినాయినకే టికెటు," అంది. పరశురాములు నవ్వలేదు. చందుర్తి దాటింది. కథలాపూర్‌లో ఆమె కిటికీలోంచి ఒక ఇల్లు చూపించి, "గదే ఇంద్రమ్మ ఇల్లు. నంబరు పదిహేడు," అంది. అది ఇంటి నంబరు కాదని రచనకొక్కదానికే తెలుసు. కోరుట్లలో బస్సు మారి జగిత్యాల చేరేసరికి తొమ్మిదిన్నర.

ప్రేమ్‌సాగర్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి పేజీలు తిప్పాడు. మూడో పేజీ దగ్గరే ఆగాడు.

"నేనేం చెప్పాను, నువ్వేం చేశావమ్మా?"

"పేర్లు తీయలేను సార్. కావాలంటే నా పేరు తీసేయండి," అంది రచన.

"ఆధారం లేకుండా..."

"సారూ," పోచవ్వ అందుకుంది, "మీ ముత్తాత పేరేంది?"

"రాజలింగం."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా నాయన."

"ఏ పుస్తకంల, ఎన్నో పేజీల?"

ఆయన మీసాల్లో నవ్వు మెదిలింది. అయినా పెన్ను కింద పెట్టలేదు. ఇంకా తిప్పాడు. ఒకచోట గీత గీశాడు.

"సరేనమ్మా, మిగతావి ఒప్పుకుంటాను. ఇది మాత్రం నమ్మేలా లేదు. నూలుకు పెట్టే గంజి పిల్లవాడికి తాగించడం. చదివేవాళ్ళు అతిశయోక్తి అంటారు. 'గంజిలోంచి నూనె కలపకముందే ఒక గ్లాసు పక్కకు తీసి' అట. చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

పోచవ్వ తల వంచుకుంది. రెండు రోజులుగా ఒక్కసారీ వంగని తల అది. "తీసెయ్ సారూ. గదొక్కటి పోనియ్," అంది.

"ఏమన్నరు సార్?" గుమ్మం దగ్గర నిలబడ్డ పరశురాములు అడిగాడు. "నూనె కలపకముందా?"

"అలాగే రాసి ఉంది."

పరశురాములు లోపలికి వచ్చాడు. తల్లి వైపు కాకుండా ఆ కాగితం వైపే చూస్తూ మాట్లాడాడు.

"నాకు ఏడేండ్లు సార్. సొట్ట వడ్డ స్టీలు గ్లాసు. ఉప్పేసి ఇచ్చేది. నూలుకు కడుపు నిండింది కొడుకా, గింత మిగిలింది, వద్దన్నది, నువ్వు తాగు అనేది. గిన్నేండ్లు మా అవ్వ గాలి ముచ్చట్లల్ల గదొకటి అనుకున్న." గీత గీసిన చోట వేలు పెట్టాడు. "మిగిలిందైతె నూనె వాసన రావాలె గద సార్. ఎన్నడు రాలే. మిగల్లే. ముందుగాల నాకు తీసి, గటెన్క నూలుకు పెట్టింది. గంజి తక్కువై పోగులు తెగేటియి. మా బాపు బాలయ్య పనిల శ్రద్ధ లేదని రోజు తిట్టేటోడు. గామె ఒక్క మాట అనకపోయేది."

పరశురాములు ప్రేమ్‌సాగర్ వైపు తిరిగాడు.

"సూసినోడు గావాలంటిరి. తాగినోన్నే ఉన్న. రాస్కోండ్రి. పరశురాములు, సిరిసిల్ల, పన్నెండు సాంచాలు. ఎవలన్న అడిగితె మా ఇంటికి పంపుండ్రి, నేనే చెప్త."

"నీ ఇజ్జత్ కొడుకా," అంది పోచవ్వ.

"గా గ్లాసే నా ఇజ్జత్ అవ్వా."

ప్రేమ్‌సాగర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, ఆ పేజీ అడుగున తన చేతిరాతతోనే ఒక వరుస చేర్చాడు. "ఆ గంజి తాగిన కుమారుడు పరశురాములు దీనిని ధ్రువీకరించారు." తర్వాత మొదటి పేజీ తిప్పి సంతకం పెట్టాడు. ఆ వరుసను కంప్యూటర్లో ఎక్కించి, దగ్గరి జిరాక్స్ సెంటర్ నుంచి రచన ఫైలంతా పంపేసరికి రెండయింది. ఇంకా రెండు గంటలు మిగిలే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో కోరుట్ల దాటాక పరశురాములు తల్లి పక్క సీటుకు మారాడు. ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, కండెలు చుట్టీ చుట్టీ అరిగిపోయిన వేళ్ళను ఒక్కొక్కటే నిమిరాడు.

"తప్పయింది అవ్వా. అబద్ధాల అంగడి అన్న."

"అంగడి పెట్టినాక బేరం ఆడనీకె పది మంది అస్తరు. అందుల నువ్వొకనివి," అంది పోచవ్వ. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కాసేపటికి ఆయనే మళ్ళీ అడిగాడు. "నూలు కడుపు నిండిందని చెప్తివి గదా. గది అల్లిందే గద?"

"లేదురా. నిజంగనే వద్దన్నది. పోరనికి పొయ్యుమన్నది."

ముందు సీట్లోంచి రచన వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "ఎవలు చెప్పిండ్రు బాపమ్మా?"

పోచవ్వ బస్సు కిటికీలోంచి బయటికి చూసింది. గంగమ్మ పేరు నోటి దాకా వచ్చింది, ఇంద్రమ్మ పేరు వచ్చింది. ఆమె రెండింటినీ మింగేసింది.

"ఎవలు చెప్పలే బిడ్డా," అంది. "నేనే ఇన్న. నా పేరు మీదనే రాస్కో."