రెండో సీటు బరువు

"ఏమండీ, ఆ రెక్క మీంచి చెయ్యి తియ్యండి. తట్టడానికి అదేమీ తలుపు కాదు."

బ్రిట్టా ఎల్డన్‌తో అన్న మొదటి మాట అదే. జూన్ నెల, ముసురు. విమానం రెక్కకు బిగించిన గుడ్డ గట్టిగా ఉందో లేదో చూద్దామని అతను వేలితో తట్టాడు. అంతే, అక్షింతలు పడ్డాయి.

సుసిట్నా నది ఒడ్డున ఆ రేకుల షెడ్డులో రెండు చిన్న విమానాలున్నాయి. ఎర్రది ఆమె అన్న టోర్‌ది. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. గులకరాళ్ల తిన్నె మీద కాస్త జాగా ఉంటే చాలు, దిగిపోతుంది. నీలంది వాళ్ల నాన్నది. పక్కపక్కన రెండు సీట్లు, బరువు ఎక్కువ, దిగడానికి చోటూ ఎక్కువే కావాలి. నాన్న ఎప్పుడో పోయాడు. నిరుడు సెప్టెంబరులో టోర్ ఎవరిదో విమానం నడుపుతూ, కనుమలో మబ్బుకు చిక్కి కొండను ఢీకొన్నాడు. అప్పట్నుంచి బ్రిట్టా విమానం ఎక్కలేదు.

"రెండూ అమ్మేస్తున్నాను. నచ్చింది మీరు తీసుకోండి, మిగిలింది నది అవతలి గస్ తాత తీసుకుంటాడు. బేరం తేలగానే ఒరెగాన్‌లో మా పిన్ని దగ్గరికి వెళ్లిపోతాను," అంది.

ఎల్డన్ పదేళ్లుగా సరుకు విమానాలకు మూటలెత్తుతున్నవాడు. కొండ అవతల సరస్సు పక్కన కట్టుకున్న కట్టెల ఇంటికి వెళ్లిరావడానికి విమానం కావాలి. అక్కడ దిగే జాగా బహు చిన్నది. బుద్ధున్నవాడెవడైనా అరగంటలో ఎర్రదాన్ని బేరమాడి పోతాడు.

కానీ తేల్చితే ఆమె వెళ్లిపోతుంది. అందుకే తేల్చలేదు. జూలైలో వచ్చాడు, ఆగస్టులో వచ్చాడు. వచ్చినప్పుడల్లా పొగబెట్టిన సాల్మన్ చేప సీసా ఒకటి తెచ్చాడు. ఆ సీసాలన్నీ మూత తియ్యకుండా షెడ్డు అలమరలో అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది.

సెప్టెంబరులో నాలుగోసారి వచ్చేసరికి వాళ్లిద్దరి మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది గానీ, ఆమె ముఖంలోకి వెలుగు మాత్రం రాలేదు. ఆ పొద్దునే కొండల నెత్తిన తొలి మంచు తెల్లగా కనబడింది. షెడ్డులో అట్టపెట్టెలు కట్టేసి ఉన్నాయి.

"బండి లాగే కుక్కను కొనేవాడు కూడా ఇన్నిసార్లు పళ్లు చూడడు," అంది బ్రిట్టా. "ఇవాళ తేల్చు. ఎల్లుండి నా ప్రయాణం. నువ్వు తేల్చినా సరే, తేల్చకపోయినా సరే."

"నీలంది," అన్నాడు ఎల్డన్ నేల చూస్తూ.

"మతి ఉందా నీకు? నీ జాగాలో అది దిగితే వెళ్లి చెట్లలో ఆగుతుంది."

"చెట్లు కొట్టేశాను. వేసవంతా నాకదే పని."

ఆమె నమ్మనట్టు చూసి, అతని చేతిలోని బరువుల లెక్క లాక్కుంది. అక్కడ చిన్న విమానం లేవాలంటే పిండి బస్తా నుంచి మనిషి దాకా ప్రతిదీ తూచి రాసుకోవాల్సిందే. నెలకొకటి చొప్పున నాలుగు కాగితాలు. పైదాన్లో 'రెండో సీటు' అని రాసి ఎదురుగా అంకె వేసి ఉంది.

"నూట ఇరవై రెండు పౌండ్లు. ఎవరావిడ?" ఆమె గొంతు మారింది. "పెళ్లి కుదిరిందని చెప్పొచ్చుగా. నాలుగు నెలలుగా నాతో కాఫీలు పెట్టించుకుంటున్నావు."

ఎల్డన్ మూలనున్న సరుకు కాటా చూపించాడు. "ఒకసారి ఎక్కు."

"ఎందుకు?"

"ఎక్కు, బ్రిట్టా."

విసుక్కుంటూనే ఎక్కింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"నూట ఇరవై మూడు," అంది మెల్లగా.

"బూట్లకు బురదంటింది."

ఆమె మిగతా కాగితాలు తిప్పింది. జూన్‌లో నూట ముప్పై ఏడు. జూలైలో నూట ముప్పై రెండు. ఆగస్టులో నూట ఇరవై ఏడు.

"మూటలెత్తేవాణ్ణి కదా, చూపుతోనే తెలిసిపోతుంది," అన్నాడు. "నెలనెలా కరిగిపోతున్నావు. ఏమనాలో తెలీక రాసి పెట్టుకున్నాను. ఎర్రదాన్లో అయితే నువ్వు వెనక కూర్చోవాలి, భయమేస్తే నాకు కనబడవు. అందుకని నీలంది. నువ్వంటే నాకిష్టం. వస్తావో రావో నీ ఇష్టం, నేను మాత్రం అదే కొంటాను."

బ్రిట్టా కాటా మీదే కూలబడి ఏడ్చింది. టోర్ పోయాక ఆమె ఒకరి ముందు ఏడవడం అదే మొదలు.

"ఊరంతా వచ్చి పలకరించారు," అంది. "గుండె నిబ్బరం గల పిల్లవి అన్నారు. చిక్కిపోయానని ఒక్కరూ చూడలేదు. నేను కూడా చూసుకోలేదు."

రేకుల మీద వాన కురుస్తూనే ఉంది. ఆమె లేచి వెళ్లి, ఏడాదిగా ఎవరూ ముట్టని టోర్ చలికోటు మేకు మీంచి తీసింది. కాసేపు పట్టుకు నిలబడి, తొడుక్కుని మళ్లీ కాటా ఎక్కింది.

"నీ లెక్క తప్పు. చలికాలం బట్టలు కలపలేదు నువ్వు."

ఎల్డన్ పెన్సిల్ తీశాడు. "మరి ఒరెగాన్?"

"పిన్నికి నేను చెప్పుకుంటాను. ఎర్రది అమ్మట్లేదని గస్ తాతకు మాత్రం నువ్వే చెప్పు. ఆయన తిట్లు నేను పడలేను."

"సరే. ఎంత రాయమంటావు?"

"ముల్లు చూపించినదానికి ఇంకో పది కలిపి రాయి," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ చేప సీసా ఒకటి మూత తియ్యి, ఆకలేస్తోంది."