తొమ్మిది గంటల కోడిపుంజు

నోరు తెరవకూడదు!

ఎంత ఆయాసం వచ్చినా... తెరవకూడదు.

ఆమె పరిగెడుతోంది. ఊపిరి ముక్కుతోనే. ఎడమ బుగ్గలో నాణెం. చొక్కా బొత్తాం కన్నా చిన్నది, గ్రాము బరువు కూడా లేదు. పొరపాటున మింగిందో... అంతే సంగతులు!

వెనక నుంచి కేక.

"దొంగ! పట్టుకోండి! దొంగ!"

ఎవర్రా దొంగ? ఆమెకు ఒళ్లు మండిపోతోంది. వెనక్కి తిరిగి వాడి చెంప పగలగొట్టాలని చెయ్యి దురద పెడుతోంది. కానీ టైం లేదు.

వాచీలో నాలుగూ ఇరవై.

ఐదింటికి పోలీస్ స్టేషన్‌లో నాన్న ఒక కాగితం మీద సంతకం పెడతాడు. మ్యూజియంలో నాణెం మార్చేసింది నేనే అని!

పెట్టాడంటే ముప్పై ఏళ్ల పరువు మట్టిలో కలిసినట్టే. ఆ సంతకం పడకూడదు. తను బతికుండగా పడనివ్వదు.

బట్టల కొట్లు. చెప్పుల కొట్లు. అడ్డంగా ఒక తోపుడు బండి!

ఎగిరి దూకుతుంది. బండి మీది దువ్వెనలు, అద్దాలు జలజలా రాలతాయి. బండివాడు తిట్టే తిట్లు ఆమెను మలుపు దాకా సాగనంపుతాయి.

వెనక వస్తున్నవాడు మహా పొడుగు. వాడి ఒక్క అంగ ఆమెకు రెండంగలు. నాణేల షాపులో పనివాడు. షాపు ఆసామి అయితే వీధి మొదట్లోనే రొప్పుతూ కూలబడ్డాడు. కుర్చీలో కూర్చుని పెంచిన ఒళ్లు ఎంత దూరమని పరిగెడుతుంది?

ఆమె ఒక సందులోకి తిరుగుతుంది. ఇంకో సందు. నీళ్ల ట్యాంకు వెనక నక్కి కూర్చుంటుంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి... దాటిపోతుంది.

హమ్మయ్య!

ఇదంతా మూడు రోజుల కిందట మొదలైంది.

మ్యూజియంలో నాణేల గదికి పెద్ద ఆమె నాన్న. ఆమె అసిస్టెంట్. దేన్నయినా కంటికి ఆనించుకుని గాని వదలదని అందరూ ఆమెను 'భూతద్దం' అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

ఆ గదిలో ఒక వెండి నాణెం. రెండువేల నాలుగొందల ఏళ్లనాటి గ్రీకు చిల్లర. ఒకవైపు సింహం తల, ఇంకోవైపు కోడిపుంజు. అక్షరం ముక్క లేదు. ఏ ఊరిదో ఎవరికీ తెలీదు. నాన్న పదకొండేళ్లు వెతికాడు. చివరికి ఇంకో నాణెం కంటబడింది. దాని మీదా అదే సింహం, జూలు దగ్గర అదే సన్నటి పగులు. అంటే రెండింటినీ ఒకే అచ్చుతో కొట్టారు. ఆ రెండోదాని వెనక ఊరి పేరు ఉంది!

ఆ రోజు నాన్న గదిలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఊరూ పేరూ లేనిదానికి ఇల్లు చూపించానమ్మా అన్నాడు.

మూడు రోజుల కిందట నాన్న బీరువా తెరిచినప్పుడు ఆమె ఆ నాణేన్ని తీసి, తిప్పి చూసింది. 

నకిలీ!

ఆగలేక అరిచేసింది. మ్యూజియమంతా పోగయింది. డైరెక్టర్ పోలీసులకు ఫోన్ చేశాడు. బీరువా తాళాలు ఒక్కరి దగ్గరే ఉంటాయి...

నాన్న దగ్గర!

చేతులారా నాన్న మెడకు ఉచ్చు తనే బిగించింది. నాన్న మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు. తాళాలు నావి, బాధ్యత నాది. ఇంకేం అడిగినా నోరు మెదపడు. ఎందుకు?

ఆ 'ఎందుకు' ఆమెను మూడు రోజులుగా కాల్చుకు తింటోంది.

ఇవాళ మధ్యాహ్నం ఒక షాపు అమ్మకాల జాబితా చేతికొచ్చింది. వెండి. సింహం తల, కోడిపుంజు. 0.68 గ్రాములు. చివర ఒక అంకె.

9!

నాన్న ఆ నాణేనికి రాసిన మ్యూజియం కార్డు మీద కూడా అదే అంకె. వెనక బొమ్మ ఎటు తిరిగి ఉందో చెప్పే అంకె. సింహం తల నిటారుగా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు నాణేన్ని తిప్పాలి. అసలు నాణెంలో కోడిపుంజు నిలబడి ఉండదు. తల తొమ్మిది గంటల వైపు పెట్టి అడ్డంగా పడుకుని ఉంటుంది. కానీ పుస్తకాల్లో ఫోటోలు వేసేటప్పుడు రెండు బొమ్మల్నీ నిలబెట్టే వేస్తారు. నకిలీ చేసినవాడు ఆ ఫోటో చూసి చేశాడు. అందుకే వాడి కోడిపుంజు బుద్ధిగా నిలబడింది.

ముప్పై ఏళ్లు ఆ నాణేన్ని వేళ్ల మధ్య తిప్పిన నాన్న చేయిస్తే ఆ తప్పు జరుగుతుందా? ఛస్తే జరగదు!

దొంగ జాగ్రత్తపడతాడని ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కంప్లైంట్‌లో బరువు తేడా అని మాత్రమే రాసింది. నేరుగా షాపుకి వెళ్లింది. ఆసామి నాణేన్ని ట్రేలో పెట్టి చూపించాడు. తిప్పింది. కోడిపుంజు పడుకుంది!

"ఎవరమ్మారు మీకిది?"

ఆసామి మొహం మాడిపోయింది. షట్టర్ దించమని పొడుగువాడికి సైగ చేశాడు.

అంతే! నాణెం ఆమె నోట్లో ఉంది. ఆ కాలపు గ్రీకులు బజారుకెళ్తే చిల్లర బుగ్గలోనే పెట్టుకునేవారట. చిన్నప్పుడు నాన్న చెప్పిన ముచ్చట. దిగుతున్న షట్టర్ కింద నుంచి దూరి కాళ్లకు పని చెప్పింది.

నీళ్ల ట్యాంకు వెనక ఆమె ఫోన్ తీస్తుంది. నాణేన్ని నాలుక కిందికి తోస్తుంది. అన్నయ్యకు కలుపుతుంది. అన్నయ్య లాయరు. నాన్న కేసు చూస్తున్నది తనే. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఆ కాగితం రాయించిందీ తనే.

"అన్నయ్యా! దొరికింది! అసలుది దొరికింది!"

"ఆ నత్తి ఏంటే? నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"నాణెం!"



"చూడు బుజ్జీ... నాకు వీటిల్లో బొమ్మేదో బొరుసేదో కూడా తెలీదు. అదే అసలుదని ఎలా చెప్తావ్?"

"వచ్చి చెప్తా. నాన్నని సంతకం పెట్టనివ్వకు!"

"సరే, సరే. మెయిన్ రోడ్డు మీద రాకు, వాళ్ల కంట్లో పడతావ్. లాండ్రీ వెనక సందు ఉంది చూడు, అటు రా. ఇక్కడ స్టేషన్ వెనక గేటు దగ్గర తేలతావ్."

ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య ఉన్నాడు. సైకిల్ మీద నుంచి పడితే మోకాలి మీద ఉఫ్‌మని ఊదిన అన్నయ్య. ఇంక భయం దేనికి?

నాలుగూ ముప్పై ఎనిమిది.

లాండ్రీ వెనక సందు. వరసగా ఆరేసిన తెల్ల దుప్పట్లు. గోడలోంచి పొగలా ఆవిరి. మనిషి జాడ లేదు. ఆమె ఒక దుప్పటి తప్పిస్తుంది. ఇంకోటి. మూడోది తప్పిస్తే...

పొడుగువాడు!

గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. రొప్పడం లేదు. చెమట కూడా ఆరిపోయింది.

వెనక ఉండాల్సినవాడు... ముందెలా ఉన్నాడు?

ఆలోచించే లోపే వాడి చెయ్యి ఆమె దవడ పట్టుకుంటుంది.

"నోరు తెరువు."

ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

"తెరవ్వే! పళ్లు రాలగొడతా!"

రెండు వేళ్లు పెదాల మధ్య దూర్చాడు. సరే... అంత ముచ్చటగా ఉంటే తెరుస్తుంది!

తెరిచింది. కసుక్కున కొరికింది!

వాడి కేక సందంతా మారుమోగుతుంది. ఆమె పైనున్న తీగను గుంజుతుంది. తడి దుప్పటి వాడి నెత్తి మీద ధబ్బున పడుతుంది. రెండోదీ పడుతుంది. గుడ్డల్లో గింజుకుంటున్నవాణ్ని ఒక్క తోపు తోసి, మీద నుంచి దాటుతుంది. నోట్లో రక్తం రుచి. తనదా, వాడిదా?

నాలుకతో వెతుకుతుంది. పైన లేదు. కింద లేదు...

ఉంది! బుగ్గ మూలకు జారింది.

పరుగు!

నాలుగూ యాభై నాలుగు. పోలీస్ స్టేషన్.

ఇన్‌స్పెక్టర్ గదిలో నాన్న. మూడు రోజుల్లో మూడేళ్లు పెద్దవాడయ్యాడు. ఎదురుగా కాగితం. చేతిలో పెన్ను. పక్కనే అన్నయ్య నిలబడి వేలితో సంతకం చోటు చూపిస్తున్నాడు.

"ఆగు నాన్నా!"

అన్నయ్య తలెత్తుతాడు. మొహంలో రంగు మారుతుంది.

"నువ్వా? నువ్వెలా..."

మిగతా మాట మింగేస్తాడు. ఆమె నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్తుంది. అరచేతిలోకి ఊస్తుంది. దుపట్టాకు తుడిచి టేబుల్ మీద పెడుతుంది.

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లిస్తాడు. "ఏంటమ్మా ఇది? ఇది పోలీస్ స్టేషనా, పళ్ల డాక్టర్ గదా?"

"అసలు నాణెం సార్. షాపులో దొరికింది. ఆ నకిలీది పక్కన పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ కవర్లోంచి నకిలీది తీసి పక్కన పెడతాడు. రెండూ వెండి. రెండూ సింహాలు. అన్నయ్య గబగబా ముందుకొస్తాడు.

"సార్, మా చెల్లెలు బాధలో ఉంది, ఏదేదో మాట్లాడుతోంది. ఇవాళ్టి దాకా నేను వీటిని చేత్తో ముట్టుకుని ఎరగను. నాకే తెలుస్తోంది, రెండూ ఒకటే! చూడండి."

నకిలీది తీసుకుంటాడు. సింహం చూపిస్తాడు. తిప్పుతాడు. కోడిపుంజు నిలబడి ఉంది.

రెండోది తీసుకుంటాడు. కళ్లు ఇన్‌స్పెక్టర్ మీదే ఉన్నాయి. సింహం. తిప్పుతాడు... తిప్పుతూనే బొటనవేలు నాణేన్ని మెత్తగా పావు చుట్టు జరుపుతుంది.

కోడిపుంజు నిలబడింది.

"చూశారా సార్? అచ్చం ఒకటే!"



ఆ బొటనవేలు!

ఎవరూ నేర్పకుండా, చూడకుండా జరిగిన వేలు. ఆ నాణెంలో కోడిపుంజు పడుకుంటుందని తెలిసిన వేలు. కొనేవాళ్లకు చూపించి చూపించి అలవాటు పడిపోయిన వేలు!

లాండ్రీ సందు చెప్పిందెవరు? వెంటపడ్డారని తను చెప్పకపోయినా 'వాళ్ల కంట్లో పడతావ్' అన్నదెవరు? ఈ కాగితం రాయించిందెవరు? నాన్న తాళాలు రోజూ సాయంత్రం ఇంట్లో మేకుకే కదా వేలాడతాయి!

ఆమె నాన్న వైపు చూస్తుంది. నాన్న కూడా ఆ వేలినే చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

తెలుసు! మొదటి రోజు నుంచీ తెలుసు! అందుకే నోరు మెదపలేదు. కొడుకు కోసం.

నాన్న కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి. వద్దమ్మా... వద్దు తల్లీ. ఆయన పెన్ను మూత తీస్తాడు.

 మోకాలి మీద ఊదిన అన్నయ్య. అదే అన్నయ్య తన దవడ విరగ్గొట్టడానికి మనిషిని పంపాడు. నాన్న చేత దొంగనని రాయిస్తున్నాడు.

ఊరూ పేరూ లేని నాణేనికి పదకొండేళ్లు వెతికి ఊరు చూపించిన మనిషి... తన పేరు తనే చెరుపుకుంటాడా? తను చూస్తూ ఊరుకుంటుందా?

ఊరుకోదు!

నాన్న చేతిలోంచి పెన్ను లాగేస్తుంది.

"అమ్మా..." నాన్న పెన్ను కోసం చెయ్యి చాస్తాడు.

"లేదు నాన్నా. మూడు రోజులు నువ్వు మాట్లాడలేదు. ఇప్పుడు నేను మాట్లాడతా." అన్నయ్య చేతిలోంచి నాణెం తీసి ఇన్‌స్పెక్టర్‌కు ఇస్తుంది. "సార్, మీరు తిప్పండి. సింహం నిటారుగా పట్టుకోండి. పేజీ తిప్పినట్టు తిప్పండి."

ఇన్‌స్పెక్టర్ తిప్పుతాడు. కనుబొమ్మలు ముడుస్తాడు. ఇంకోసారి తిప్పుతాడు.

"ఇదేంటి... కోడి పడుకుంది?"

"పడుకునే ఉంటుంది సార్. మీ ఫైల్లో నాన్న రాసిన కార్డు ఉంది, చూడండి. చివర తొమ్మిది అని ఉంటుంది. కోడి తల తొమ్మిది గంటల వైపు. అసలు నాణేన్ని చేతుల్లో పెట్టుకుని తిప్పినవాడికి తప్ప ఆ సంగతి తెలీదు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరుస్తాడు. కార్డు చూస్తాడు. నాణెం చూస్తాడు. తర్వాత మెల్లగా... చాలా మెల్లగా తల తిప్పుతాడు.

"మరి ఇందాక లాయర్ గారు తిప్పితే నిలబడిందే!"

 అన్నయ్య చేతులు జేబుల్లోకి పోతున్నాయి.

ఆమె ఆ మణికట్టు పట్టుకుంటుంది. జేబులోంచి బయటికి లాగుతుంది. అరచెయ్యి తెరిచి, దాని మధ్యలో నాణెం పెడుతుంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం వణకడం లేదు.

"అన్నయ్యా... ఇంకోసారి తిప్పు!"