ఇరవై రెండో తేదీ

బోవెన్ పరిగెడుతున్నాడు.

చైనాలో హాంకౌ రేవు మెట్లు. తెల్లవారుజాము మంచు. ఒక చెప్పు ఊడిపోయింది... పోనీ!

వెనక బూట్ల చప్పుడు. ఇంగ్లిష్ రైలు కంపెనీ మనిషి పెల్హామ్.

బోవెన్ గవర్నరు కచేరీలో రాయసగాడు. చంకలో రైలు పర్మిట్. కంపెనీ పేరు రాసే చోటు ఖాళీ. ఇంగ్లిష్‌వాడో, రష్యన్‌వాడో... ముందు ఎవడు లాక్కుంటే లైను వాడిదే. గవర్నరు గారి న్యాయం ఆపాటిది.

ఆ లైను బోవెన్ ఊరి శ్మశానం మీదుగా పోతుంది. అమ్మ సమాధి మీదుగా.

అందుకే తేదీ వేయమంటే ఇరవై రెండు వేశాడు.

పన్నెండో నెల ఇరవైన కచేరీ ముద్రలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. నెల దాకా ఎవడూ ముట్టడు. ఆ తేదీతో ముద్ర పడితే కాగితం చిత్తు. బీజింగ్‌లో నవ్విపోతారు.

దొరలకి తెలియదు. దేశాన్ని ముక్కలుగా కోసుకు తింటున్నారు గానీ, ఇక్కడి పంచాంగం ఒక్కడికీ రాదు.

కానీ పెల్హామ్ దుబాసీ జోంగ్‌కి తెలుసు. కాగితం రష్యన్ల గోదాముకి చేరాలి, వాడికి చిక్కకూడదు.

చిక్కాడు!

గోదాము మలుపులో జోంగ్ కాలు అడ్డం పెట్టాడు. బోవెన్ బోర్లా పడ్డాడు. పెల్హామ్ రొప్పుతూ వచ్చి పిస్టల్ తీశాడు.

"చదువు జోంగ్. అసలుదేనా?"

బోవెన్ లేచి కూర్చుని ఉమ్మేశాడు.

"చదవరా, దొర గారి కుక్కా. మీదీ మా పక్క ఊరే. మీ నాన్న సమాధి ఎక్కడుందో నీ దొరకి చెప్పావా?"

జోంగ్ కాగితం లాక్కున్నాడు. చదువుతున్నాడు. బొటనవేలు అక్షరాల మీద జారుతోంది...

తేదీ దగ్గర ఆగింది.

బోవెన్ ఆ వేలినే చూశాడు.

"నిక్షేపంగా ఉంది దొరా," అన్నాడు జోంగ్.

పెల్హామ్ పళ్ళికిలించాడు. "అయితే ఈ గుమస్తాతో పనేముంది?"

పిస్టల్ బోవెన్ నుదుటికి ఆనింది.

ధన్!

కూలింది పెల్హామ్. గోదాము తలుపులో రష్యన్ కెప్టెన్. చేతిలో తుపాకీ, ఇంకా పొగ కక్కుతోంది. శవాన్ని దాటి వచ్చి, జోంగ్ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"నువ్వు దుబాసీవేగా? ఇది చెల్లుతుందా?"

జోంగ్ ఒక్కసారి బోవెన్ వైపు చూశాడు. తర్వాత నడుం వంచి, కాగితాన్ని మర్యాదగా తిన్నగా తిప్పి పెట్టాడు.

"ఇందాకే చదివాను దొరా. తేదీతో సహా అంతా సరిగ్గా ఉంది."