అక్క మింగేసిన మాట

ఇలా దగ్గరికి జరగండర్రా, ఓ అక్కాతమ్ముళ్ల సంగతి చెబుతాను.

అక్క, ఆవిడ భర్త కలిసి ఇంటి వెనకే రొట్టెల బట్టీ నడిపేవారు. దొంగతనాలు చేసి జైలుకెళ్లిన తమ్ముడు, శిక్ష ముగిశాక ఆ ఇంటికే వచ్చి పిండి పిసికే పనిలో దిగాడు. వాడి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని అక్క ఇంట్లో 'దొంగ' అన్న మాటే వినపడనివ్వలేదు. వాళ్ల చిన్న పాప దొంగ నిద్ర పోతే 'ఉత్తుత్తి నిద్ర' అనాలి. దొంగ ఏడుపు ఏడిస్తే 'అబద్ధపు ఏడుపు' అనాలి. పాపం, ఆవిడ ప్రేమ అలాంటిది!

ఒకరోజు పొద్దున్నే పాప బడికి ఎగనామం పెట్టడానికి కడుపు పట్టుకుని మూలిగింది.

"చాల్లేవే, దొంగ..." అంటూ వాళ్ల నాన్న చప్పున నాలుక కరుచుకున్నాడు. గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు మరి! అందరూ బిగుసుకుపోయారు.

వాడు చేతుల పిండి కడుక్కుని, సంచీ సర్దుకున్నాడు. పెరటి తలుపు తీస్తుంటే అక్క చూసింది.

"ఎక్కడికిరా?"

"పాత జట్టు దగ్గరికి. అక్కడ నన్ను చూసి ఎవరూ మాట మింగరక్కా."

"నీకోసమే కదరా మా జాగ్రత్తంతా!"

"మీరు నోరు మూసుకున్న ప్రతిసారీ ఆ మాట నాకు ఇంకా గట్టిగా వినిపిస్తోంది."

అక్కకు కోపం, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. సంచీ లాగి గిరాటేసింది.

"దొంగ వెధవా! చెప్పాపెట్టకుండా పెరటి దారిన పోతావా? అక్కడ పిండి పులిసిపోతోంది, ఎవరు చూస్తారు? మీ బావా? ఆయన చేస్తే అవి రొట్టెలు కావు, ఇటుకలు!"

అనేసి, తన నోరు తనే మూసుకుంది.

వాడు తెల్లబోయాడు. ఆపైన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే భోరుమన్నాడు.

"చిన్నప్పుడు డబ్బాలో చక్కెర తింటే ఇలాగే తిట్టేదానివక్కా. నేను వచ్చాక ఇదే మొదటిసారి."

"మధ్యలో నా రొట్టెలేం చేశాయే!" అని లోపల్నుంచి బావ గోల.

ఆ రోజు వాడు తిరిగి పిండి ముందుకే వెళ్లాడు, మళ్లీ ఆ పాత దారి తొక్కలేదు. ఎలా మారావయ్యా అని ఎవరైనా అడిగితే, "వెళ్దామనే అనుకున్నాను. పిండి పులిసిపోతోందని మా అక్క తిట్టింది, ఇక తీరికేదీ?" అంటాడు.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు నసగకండి, అక్క తిట్టిన తిట్టు గట్టిగా తిట్టండి.