పిల్ల తరఫు మనిషి

లియెన్‌ను సోమవారం వేరే ఊరికి మార్చేస్తున్నామని అనాథ పిల్లల బాగోగులు చూసే ఊరి కౌన్సిల్ నుంచి కబురు రాగానే మెన్నాకు ఒళ్ళు మండిపోయింది. పోలీసులు గోళ్ళకు రంగులేసే నెయిల్ పార్లర్‌లో వెట్టిచాకిరీ నుంచి విడిపించి తెచ్చిన ఆ పదిహేనేళ్ళ వియత్నాం పిల్లను ఎనిమిది నెలలుగా తన ఇంట్లో పెంచుతూ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోంది. ఈ న్యూపోర్ట్ ఊళ్ళో ఏ తల్లి అంతకన్నా చేస్తుంది? కానీ తనతో ముక్తసరిగా రెండు మాటలు... ఫొలాకె వస్తే మాత్రం గది తలుపేసుకుని గంటసేపు కబుర్లు, నవ్వులు, ఏడుపులు! దొంగచాటుగా తరలించి అమ్మేసిన పిల్లల తరఫున మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన మనిషట, కౌన్సిల్ మాట వినక్కర్లేదట. వారానికోసారి చుట్టపుచూపుగా వచ్చి మనసు దోచుకుపోవడం ఎవరికి చేతకాదు?

ఆ మధ్యాహ్నం ఫొలాకె గుమ్మంలో అడుగుపెట్టగానే మెన్నా అందుకుంది.

"సంతోషమేనా తల్లీ? నా దగ్గర్నుంచి పిల్లను లాగేసుకున్నావుగా."

"నేనా? ఈ పిల్ల మీతో ఇమడడం లేదని నెల రోజులుగా రాసి పంపింది మీరే కదక్కా. అందుకే మారుస్తున్నారు."

పెంచేవాళ్ళు పిల్ల సంగతులు ఏ రోజుకారోజు రాసి కౌన్సిల్‌కు పంపాలి. మెన్నా ఉడుకుమోత్తనంతో రాసేసింది... తలుపేసుకుంది, నాతో మాట్లాడలేదు, ఈ ఇల్లు దానికి పడలేదు అని.

"మరి నాతో ఒక్క మాటైనా చెప్పదేం?"

మెట్ల మీద నుంచి లియెన్ గొంతు సన్నగా వినిపించింది. "మీరు రాస్తారు ఆంటీ. నేను ఏడుస్తున్నానని రాస్తే... పంపేస్తారని భయం."

"ప్రతివారం నన్నడిగేది ఒక్కటే," అంది ఫొలాకె. "నన్ను ఈ ఇంట్లోంచి కదలనివ్వకు, అని."

మెన్నా కూలబడి భోరుమంది. ఎవరి మీద కుళ్ళుకుంది తను... ఆ మనిషి పిల్లను తన దగ్గరే ఉంచడానికి తిరుగుతోంటే! కాసేపటికి కళ్ళు తుడుచుకుని కౌన్సిల్‌కు ఫోన్ చేసింది.

"నేను రాసిందంతా నా కుళ్ళుబోతుతనం. పిల్ల తప్పేం లేదు."

"అక్కా, పిల్లను పెంచడానికి మీరే పనికిరారంటారేమో," అని ఫొలాకె గుసగుసలాడింది.

"అననీ. నువ్వు దాని తరఫున మాట్లాడు. నా తప్పు నేను చెప్పుకుంటాను."

సోమవారం తరలింపు ఆపాలంటే ఆ మాట పిల్ల నోటి నుంచే వినాలన్నారు ఫోన్‌లో అవతలివాళ్ళు. లియెన్ మెట్లు దిగి వచ్చి ఫోన్ తీసుకుంది. ఇన్నాళ్ళూ ఏ అధికారి ముందూ పెదవి విప్పని పిల్ల, "నేను ఎక్కడికీ రాను. మా ఆంటీ దగ్గరే ఉంటాను," అంది.