మణికట్టు మీద అగ్గిపుల్ల

"అగ్గిపుల్లలతో ఫిజియాలజీ చెప్తారా? ఇది కాలేజీనా, వంటగదా?"

కొత్త లెక్చరరుతో ఈ మాట అన్నది మెషిన్ మాస్టారు. స్క్రీను మీద గీత కనిపిస్తే తప్ప గుండె కొట్టుకుంటోందని నమ్మడని విద్యార్థులు అతనికి పెట్టిన పేరది.

"వంటగదిలో ఉన్నవాళ్ళకీ గుండె కొట్టుకుంటుంది సార్," అంది ఆమె, బల్ల మీద డ్రాయింగ్ పిన్నులు సర్దుకుంటూ.

ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో ఏం చేయించాలో ఆ సాయంత్రమే హెడ్ మేడమ్ తేల్చేస్తారు. అతను అడిగిన ఖరీదైన మెషిన్ వస్తే క్లాసంతా దాని చుట్టూ మూగి చూడాలి. ఆమె ఎంచిన చవక ప్రయోగాలైతే ఎవరి ఒళ్ళు వాళ్ళకే ల్యాబు. అవి వద్దంటే మాత్రం ఆమెకిక్కడ పని లేదు, వేరే కాలేజీకి వెళ్ళిపోతుంది.

వాదనలో గెలవాలి, ఆమె వెళ్ళకూడదు. రెండూ ఎలా కుదురుతాయో మాస్టారుకి పాలుపోవడం లేదు.

"చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. పిన్ను మొనకి అగ్గిపుల్ల గుచ్చి, అతని మణికట్టు మీద నాడి ఆడే చోట నిలబెట్టింది.

"కదలకండి. ఊపిరి పీల్చుకోవచ్చు లెండి."

పుల్ల ఊగింది. ఆగి, మళ్ళీ ఊగింది. బయట వాన మొదలైన సంగతే అతనికి తెలియలేదు. ఎన్ని వందల గుండెల గీతలు చూశాడో! ఒక్కటీ తనది కాదు. పుట్టకముందు నుంచీ, ఒక్క పూటైనా సెలవడగకుండా పనిచేస్తున్న తన గుండె ఇప్పుడు అగ్గిపుల్ల చేత తల ఊపిస్తోంది.

"ఇదంతా... నాలోనే జరుగుతోందా?"

"మొదటిసారి చూసినప్పుడు నేను ఏడ్చేశాను," అంది మెల్లగా.

అప్పుడే హెడ్ మేడమ్ తడిసిన గొడుగుతో లోపలికొచ్చారు. ఇంట్లో ఆవిడ అతనికి మేనత్త.

"ఏరా, తేలిందా?"

"తేలింది అత్తయ్యా... అదే, మేడమ్! మెషిన్ వద్దు. ఈ ప్రయోగాలే పెడదాం. అన్నీ!"

"మెషిన్ మెషిన్ అని నా బుర్ర తిన్నావు కదరా!"

"ముందు నాడి చూడటంతో మొదలెడదాం," అంటూ ఉత్సాహం పట్టలేక లెక్చరరు చెయ్యి అందుకున్నాడు. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టి, హడలిపోయాడు.

"నూట ఇరవై! మీరు కూర్చోండి, నీళ్ళు తాగండి. నేనంటే అంత భయమా?"

ఆమె తన చెయ్యి వైపు చూసుకుని నవ్వాపుకోలేకపోయింది.

"సార్, బొటనవేలితో పట్టారు."

మొదటి ఏడాది పిల్లలకి ఏటా అతను చెప్పే పాఠమే అది. బొటనవేలికీ సొంత నాడి ఉంటుంది, దాంతో పడితే ఎదుటివాళ్ళదనుకుని మనదే లెక్కపెట్టుకుంటాం.

"ఆ నూట ఇరవై నాది కాదు. మీది."

మాస్టారు ముఖం కందిపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"నాదే. మీరంటే ఇష్టం. మీరు వెళ్ళిపోతారేమోనని నిద్ర పట్టడం లేదు."

అత్తయ్య గొడుగు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ప్రయోగాలన్నీ ఖాయం. మిగతాది మీరూ మీరూ తేల్చుకోండి. మీ అమ్మకి మాత్రం నేనే చెప్తాలేరా."

ఆవిడ వెళ్ళాక ఆమె అతని బొటనవేలు పక్కకి జరిపి, మిగతా వేళ్ళు తన నాడి మీద పెట్టుకుంది.

"ఇప్పుడు చూడండి, నాదెంతో."

లెక్క తప్పాడు. మళ్ళీ మొదలెట్టాడు. అతనిదానికంటే వేగంగా ఉంది.